పదమూడో చుక్క

సనయ్యాలో నలభై మూడో వీధి, గది నంబరు పదకొండు.
ఆరు ఇనప మంచాలు, ఒక్కోదానికి రెండంతస్తులు,
పన్నెండుమందిమి.

ఫీజు కట్టలేక ఎమ్మెస్సీ రెండో ఏట వదిలేసిన లెక్కల్ని
రాత్రి కాపలా కుర్చీలో మళ్ళీ మొదలుపెట్టాను.
సిమెంటు సంచి చింపితే లోపలి పొర శుభ్రంగా ఉంటుంది.
దాని మీద ఒక గీత. మనిషికొక చుక్క.

ఐదు నెలల జీతం ముట్టినట్టు
కంపెనీ ఒక కాగితం రాసుకుని వచ్చింది. ముట్టలేదు.
సున్నా అంటే: సంతకం పెట్టను.
ఒకటి అంటే: పెట్టేస్తాను, పీడా పోతుంది.

ఓదెలు సున్నాను ఆనుకుని ఉన్నాడు.
పోశెట్టి తొమ్మిది వంతులు అటే. పన్ను నొప్పి వాడికి,
ఏ కాగితమైనా సరే, ఊరెళ్ళి పీకించుకోవాలంటాడు.
మస్తాన్‌వలి తన చుక్క ఎక్కడ పెట్టాలో నన్నే అడిగాడు.
"నీ ఇష్టం" అన్నాను.
"అయితే నడుమ పెట్టు భాయ్, ఫ్యాను కింద."

నియమం చిన్నదే.
ఇద్దరు మాట్లాడుకుంటే చెరో అడుగు దగ్గరికి జరుగుతారు.
మరీ దూరంవాడి మాట మాత్రం చెవికెక్కదు,
నవ్వేసి బకెట్టు పట్టుకుని లేచిపోతాం.
ఈ లెక్కన నలభై రాత్రుల్లో
గది ఒక ముద్దో రెండు ముద్దలో కావాలి.

కాలేదు.

ఒకణ్ణి మరిచాను.
బియ్యం డ్రమ్ము మీద కూర్చున్నవాడు,
ముప్పై రెండంగుళాల మొహం.
అందరితో మాట్లాడతాడు, ఎవరి మాటా వినడు.
మా చుక్కలు జరుగుతాయి, వాడిది మేకు.
అక్కడ ఎనిమిదింటి వార్తలు, ఇక్కడ ఐదున్నర:
"గల్ఫ్ కార్మికులకు తీపి కబురు" అని ఎర్ర పట్టీ పరిగెత్తింది.
ఏ దేశమో, ఏ కంపెనీయో చెప్పకుండానే
బంగారం ధరలోకి వెళ్ళిపోయాడు.
పోశెట్టి మాత్రం చెంప పట్టుకునే లేచి నిలబడ్డాడు.

ఆ రాత్రి ఎర్ర సిరాతో పదమూడో చుక్క పెట్టాను.
వాడి గొంతుకు ఒక అక్షరం ఇచ్చాను: గ.
గ పెంచుతూ పోతే గదంతా వాడి వెంట నడవాలి కదా.
తెల్లారేదాకా వేశాను. తప్పు పోయిందనుకుని మళ్ళీ వేశాను.
గ చిన్నగా ఉన్నప్పుడే, గొణుగుడంత ఉన్నప్పుడే,
అందరూ మెల్లగా వాడివైపు జారారు,
జారుతున్నట్టు ఒక్కడికీ తెలియలేదు.
గ పెంచగానే దగ్గరివాళ్ళు లటుక్కున వాడికి అతుక్కున్నారు,
మిగిలినవాళ్ళు వెనక్కి తెగిపోయారు,
ఒకరి కేక ఒకరికి అందనంత దూరం.

నిజమే. గురువారం పెనుగులాటలో రిమోట్ పగిలి
సౌండు ముప్పై ఎనిమిది దగ్గర ఇరుక్కుపోయిన నాటినుంచీ
ఓదెలు వేరే పొయ్యి మీద వండుకుంటున్నాడు.

ఉప్పు అడగడానికొచ్చి
"రాత్రంతా ఏం గీకుతున్నవ్ రా?" అన్నాడు.
చూపించాను. తన చుక్క మీద గోరు పెట్టి
చాలాసేపు ఊరుకున్నాడు.
"గింత మూలకున్ననా నేను."
తర్వాత వేలు జరుపుకుంటూ ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాడు,
మంచం మంచానికీ హాజరు తీసుకున్నట్టు.
పదకొండు దగ్గర ఆగాడు.
"ఎర్రది టీవీ అంటివి. మరి నువ్వేడున్నవ్?"

మళ్ళీ లెక్కపెట్టాను.
మనుషులవి పదకొండే.
పన్నెండోది ఆ మేకు.
ఇన్ని రాత్రులు అందరి మాటా రాసుకున్నాను,
ఒక్కడి మాటకూ అడుగు జరగలేదు నేను.

ఉప్పు డబ్బా ఇచ్చాను. ఓదెలు పోలేదు.
టీవీలో దోహా ఎండ నలభై ఆరు అంటున్నారు,
అది మాత్రం కిటికీ రేకు ముట్టుకుంటే తెలుస్తోంది.
రేపు పదింటికి కాగితాలు పట్టుకుని గుమాస్తా వస్తాడు.
పెన్ను మూత తీశాను.
గీత మీద ఖాళీ చాలా ఉంది.